ఎర్రపేలిక కాయలు

"గివి వద్దవ్వా. గా ఎర్రపేలిక కట్టిన కాయలియ్యి," అంటూ భానుప్రసాద్ గంపలోని వంకాయలను పక్కకు నెట్టాడు.

ఐలవ్వ చేతిలో కాంటా ఆగింది. "అవి అమ్మేటియి గావు సారూ. ఇత్తనానికి ఉంచిన, చెట్టు మీదనే పండాలె."

భానుప్రసాద్ నవ్వాడు. మంచిర్యాల నుంచి ప్రతి ఆదివారం కారేసుకుని వస్తాడాయన. నస్పూర్ దాటాక రోడ్డు పక్కన ఐలవ్వ చేనుకు కట్టిన 'మందు కొట్టని కూరగాయలు' బోర్డును ఫోటో తీసి, తన కాలనీ గ్రూపులో పెట్టి, ఆమెకు నలభై ఇళ్ల గిరాకీ తెచ్చిపెట్టిందీ ఆయనే. ఆ గిరాకీ చూసి చుట్టుపక్కల పత్తి చేలన్నీ వంగతోటలయ్యాయి. ఏడాది పొడుగునా ఎటు చూసినా వంకాయే. పురుగుకు అంతకన్నా పండగేముంటుంది? పది కాయలు కోస్తే ఆరు పుచ్చులే.

"నాకు దెల్వదా అవ్వా? ఇంటికి వేరే సాలు, అమ్మకానికి వేరే సాలు. మందు కొట్టినయి మాకమ్మి, కొట్టనియి మీరు తింటరు. గా నాలుగు కాయలు సూడు, ఎట్ల నిగనిగలాడుతున్నయో! ఒక్క పుచ్చన్న లేదు."

"మా అత్త శంకరవ్వ ఇచ్చిన ఇత్తనం సారూ. గా నాలుగే మిగిలినయి. అవి వోతే నా తోటనే వోతది."

"మా బిడ్డ మధులికకు అయిదో నెల. ఆమె కడుపుల మందు చుక్క వడొద్దనే గింత దూరం వస్తున్న. పైసలు ఎంతన్న తీస్కో."

ఐలవ్వ ఏదో చెప్పబోయింది. అంతలో బోర్డు కంటబడింది. "ముట్టకు బిడ్డా, నీ కాల్మొక్త," అని మాత్రం అంది.

"సరే తీ. జర మంచినీళ్లియ్యి, దూపైతుంది."

గండం గడిచిందనుకుని ఐలవ్వ బోరు దగ్గరికి నడిచింది. చేతులు సబ్బుతో రుద్ది రుద్ది కడుక్కుంది. పొద్దున్నుంచి ఇది మూడోసారి. అప్పుడు గానీ చెంబు ముట్టుకోలేదు.

తిరిగొచ్చేసరికి కారు లేదు. గంపలో ఒక నోటు, మొక్కల కింద నాలుగు ఎర్రపేలికలు. అనుమానం పెనుభూతమని ఊరికే అన్నారా?

"వినోదా! గా సారుకు ఫోన్ చెయ్యే!"

కోడలు పరుగున వచ్చి చేసింది. "ఎత్తుతలేడత్తా. గ్రూపుల పెట్టాల్నా?"

ఐలవ్వ మళ్లీ బోర్డు వైపు చూసింది. నలభై ఇళ్లు. "గ్రూపుల వద్దు. ఆయనకే చెయ్యి. మళ్ల మళ్ల చెయ్యి."

ఎన్నిసార్లు చేసినా ఎత్తలేదు. చేలో పని ముందుకు సాగలేదు. ఐలవ్వ ఆ పేలికలను గుప్పిట్లో పట్టుకుని గట్టు మీదే కూర్చుంది.

మధ్యాహ్నం ఫోన్ టింగుమంది. వినోద చూసి, "గ్రూపుల పెట్టిండత్తా సారు," అంటూ చదివింది. "'ఐలవ్వ ఇంటికి దాచుకున్న అసలు సరుకు ఇదే! గుత్తి వంకాయ. మా మధులిక రెండోసారి వడ్డించుకుంది.'" పళ్లెం ముందు గాజుల చెయ్యి ఒకటి ఫోటోలో కనిపిస్తోంది.

ఐలవ్వ బావురుమంది.

"పోనియ్యత్తా," అంది వినోద ఆమె భుజం పట్టుకుని. "ఇత్తనం ఎవలనన్న అడిగి తెచ్చుకుందాం. నాలుగు కాయలకు గంత ఏడుస్తవేంది?"

"ఎవలు తినేటియి గావు గదా అని, పురుగు ముట్టొద్దని... తోటంతల గా నాలుగింటికే పొద్దుగాల మందు పూసిన బిడ్డా!"