పదహారు సెల్లుల బండి

“నీ కన్నతల్లిని కూసోబెట్టి మూడు రౌండ్లు తిప్పు. గప్పుడు పెండ్లిపిల్లను కూసోబెడ్త” అన్నాడు దివాకర్.

సతీశ్ ముఖం మాడిపోయింది. కోరుట్లలోని ఆ ఫంక్షన్ హాలు ఓనరు ఇలా అడ్డం తిరుగుతాడని అతను అనుకోలేదు. గేటు దగ్గర గోల్ఫు బండి కొత్త రంగుతో, ఒంటినిండా బంతిపూలతో సిద్ధంగా ఉంది. ఇంకో గంటలో పెళ్లికూతురు అందులో ఊరేగుతూ మండపం దాకా రావాలి. ఆమె కూర్చోబోయే సీటు కిందే ఉంది సతీశ్ సొంతంగా చేసిన లిథియం బ్యాటరీ.

పాపం, తప్పు దివాకర్‌ది కూడా కాదు. బ్యాటరీ స్కూటర్లు తగలబడే వీడియోలు పెళ్లికూతురి తల్లి శారద ఫోనులో బోలెడన్ని ఉన్నాయి. ఇంట్లో చేసిన బ్యాటరీ మీద నా బిడ్డను కూర్చోబెడతారా అని ఆమె పొద్దుటి నుంచి మెట్ల మీద నిలబడి అడుగుతూనే ఉంది.

సతీశ్ చెప్పాల్సిందంతా చెప్పాడు. దుబాయిలో పదకొండేళ్లు ఈ బండ్ల పనే చేశానన్నాడు. పదహారు సెల్లులు కొని, అన్నిటికీ ఛార్జి సమానమయ్యేదాకా రెండు రోజులు ఆగి, అప్పుడే ఒకదానికొకటి కలిపానన్నాడు. వేడెక్కితే కరెంటు దానంతటదే ఆగిపోయే బోర్డు పెట్టానన్నాడు. మెట్‌పల్లిలో వెల్డింగు చేయించిన ఇనుప పెట్టెను చేత్తో తట్టి చూపించాడు. శారద ఆ తట్టుడుకే రెండు మెట్లు పైకెక్కింది.

ఈ ఒక్క ఊరేగింపు సరిగ్గా సాగితే కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్లలో దివాకర్‌కున్న మూడు హాళ్ల బండ్ల పనీ సతీశ్‌దే. సాగకపోతే సోమవారం మళ్లీ విమానం. వీసా కొట్టించి బీరువాలో పెట్టాడు. రెండో తరగతి చదివే కూతురు తండ్రిని ఫోనులో కాకుండా ఇంట్లో చూడడం ఇప్పుడిప్పుడే అలవాటు చేసుకుంటోంది.

కొడుకు చేసిన బండిని చూద్దామని కోడలు వనితతో వచ్చిన సాయవ్వ, దూరంగా వంట గిన్నెల పక్కన కూర్చుంది. సతీశ్ వెళ్లి సంగతి చెప్పాడు.

“నేనొద్దు కొడుకా. వనితను ఎక్కిచ్చుకో” అంది సాయవ్వ.

“దివాకరన్న నిన్నే అన్నడే అవ్వా.”

“ఏదో నోటిమాటకు అన్నడు. నన్ను మాత్రం ఎక్కియ్యకు.”

సతీశ్‌కు ఒళ్లు మండింది. ఇంటి దగ్గర బ్యాటరీకి పసుపు కుంకుమ పెట్టిన రోజు కూడా ఈమె వంటింటి గడప దాటి రాలేదు. బాపు తాటిచెట్టు మీద నుంచి పడి చనిపోతే, బీడీలు చుట్టి పిల్లల్ని సాకిన మనిషి. ఎవరికీ ఎన్నడూ జంకని మనిషి. అలాంటిది కొడుకు చేసిన డబ్బా అంటే ఇంత భయమా? ఊరివాళ్లు నమ్మకపోతే పోనీ, కన్నతల్లి కూడానా?

“అంటే వనిత కాలినా ఫర్వాలే, నువ్వు మాత్రం బతకాలె. గంతేనా?”

గిన్నెల దగ్గర పనివాళ్లు తలలు తిప్పి చూశారు. వనిత “గది కాదయ్యా...” అంటూ ఏదో చెప్పబోయింది. సతీశ్ చేసైగతోనే ఆమె నోరు మూయించాడు. సాయవ్వ లేచి, కొంగు నిండా కప్పుకుని, వచ్చి బండెక్కింది.

బండి చప్పుడు లేకుండా కదిలింది. మొదటి రౌండు, రెండో రౌండు. ర్యాంపు మీదికి కూడా సునాయాసంగా ఎక్కింది. మీటరు ముల్లు ఉన్నచోటే ఉంది. సాయవ్వ సీటు అంచున, వీపు ఆనించకుండా, పూలకు చెయ్యి తగలకుండా ముడుచుకుని కూర్చుంది. అద్దంలో చూసి సతీశ్ లోపల్లోపల నవ్వుకున్నాడు. మూడో రౌండు కాగానే దిగి పెట్టె మీద చెయ్యి పెట్టాడు. చల్లగా ఉంది. దివాకర్ చప్పట్లు కొట్టాడు. సతీశ్‌కు ఒక్కసారిగా ఏడుపొచ్చినంత పనైంది.

శారద కూడా మెట్లు దిగి నవ్వుతూ దగ్గరికొచ్చింది.

“మీ అవ్వ మంచిగ కూసున్నది. మీ బాపును గూడ తీస్కరావద్దా?”

“బాపు లేడక్కా” అన్నాడు సతీశ్ సంబరంగానే. “నా చిన్నప్పుడే పోయిండు.”

శారద నవ్వు ఆగిపోయింది. ఆమె సాయవ్వ నుదుటి వంక చూసింది. తర్వాత పూల సీటు వంక చూసింది. అటు తిరిగి తన వాళ్లతో నెమ్మదిగా చెప్పింది.

“పూలు పీకెయ్యుండ్రి. పిల్ల కారులనే వస్తది.”

దివాకర్‌కు అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది. అర్థమయ్యాక నుదురు కొట్టుకున్నాడు. తల్లిని ఎక్కించమన్నది తనేనని అప్పటికే మరిచిపోయాడు. “నాకొక మాట చెప్పొద్దా సతీశ్? గీ సంగతి తెలిసినంక ఏ పెండ్లోళ్లు ఎక్కుతరు గీ బండి?” అంటూ శారద వెనకాలే పరుగెత్తాడు.

సతీశ్ తల్లి వైపు తిరిగాడు. ఆమె అప్పటికే దిగి, చీరకు అంటుకున్న బంతిరేకులు ఒక్కొక్కటే ఏరి సీటు మీద పెడుతోంది.

“నేను భయపడ్డది నీ బ్యాటరీకి కాదు కొడుకా” అంది.