జాతీయ చెంబు

మంత్రిగారు వస్తున్నారని తెలిసి మ్యూజియం డైరెక్టరు అతితెలివికి పోయాడు. ఎప్పుడో రాజుగారు చేతులు కడుక్కున్న రాగి చెంబుని నిమ్మచెక్కతో తళతళ మెరిసేట్టు తోమించాడు.

అద్దాల పెట్టెలో దాన్ని చూడగానే మంత్రిగారి మొహం మాడిపోయింది.

“ఇదేంటయ్యా, నిన్న బజార్లో కొన్నట్టుంది! అసలు చెంబేదీ? జాతి సంపదంటే నీకంత అలుసా?”

తోమించానని చెబితే ఉద్యోగం ఊడుతుంది. డైరెక్టరు చప్పున పెట్టె తాళం తీశాడు.

“ఇది నకలండీ. అసలుది లోపల భద్రంగా దాచాం. ఇప్పుడే మార్చి తెస్తాను.”

ఆ చెంబునే వెనక క్యాంటీన్‌కి పట్టుకెళ్ళి, పెనం అడుగున మసి గీకి, దట్టంగా పట్టించి తెచ్చాడు.

మంత్రిగారి కళ్ళు చెమర్చాయి. “ఇదయ్యా చరిత్రంటే! చూస్తుంటేనే ఒళ్ళు పులకరిస్తోంది” అంటూ దాని పక్కన నిలబడి ఫొటోలు దిగారు.

కారెక్కబోతూ ఆగారు.

“అవునూ, ఆ నకలు మీకెందుకు? మా ఇంటికి పంపించు. మెడమీద సింహం బొమ్మ భలే దించారు. అదే రావాలి సుమా, నేను గుర్తుపడతాను.”

డైరెక్టరు మాట జవదాటే మనిషి కాదు. మసి కడిగి చెంబుని మంత్రిగారింటికి పంపాడు. బజార్లో ఇంకో చెంబు కొని, మసి పూసి, పెట్టెలో పెట్టాడు. అంత నలుపులో సింహం ఉందో లేదో ఎవడు చూడొచ్చాడు?

ఇప్పుడు మంత్రిగారింట్లో రాజుగారి చెంబుతో కుక్కకి స్నానం చేయిస్తున్నారు. మ్యూజియంలో క్యాంటీన్ మసికి మాత్రం ఇద్దరు తుపాకులు పట్టుకుని కాపలా కాస్తున్నారు. జాతి సంపద మరి, వేలు తగిలితే జైలే.