ఎడమ మలుపు

కొత్త మోటార్‌సైకిలు కొన్న రోజే మా ఆవిడ షరతు పెట్టింది. "ఒక్కసారి నా గుండె ఝల్లుమందా, సాయంత్రానికి దీన్ని షాపులో అప్పజెప్పి రావాలి."

సరేనన్నాను. ఆమెను బండికి ఎడమపక్క బిగించిన సైడ్‌కార్‌లో కూర్చోబెట్టుకుని జాగ్రత్తగానే నడిపాను.

మిల్లు దగ్గర ఎడమకు తిరుగుతుండగా సైడ్‌కార్ చక్రం జానెడు గాల్లోకి లేచింది. ఆమె కెవ్వుమంది. నా పైప్రాణాలు పైనే పోయాయి. ఎలాగో ఆపాను.

బండి దిగి ఆమె వైపు తిరిగాను.

"తప్పు నాదే. ఇప్పుడే తిరిగిచ్చేస్తాను," అన్నాను.

"మీ తప్పేంలేదు," అంది జుట్టు సర్దుకుంటూ. "మీరు సంతకాలు పెడుతుంటే షాపతన్ని అడిగాను, ఈ చక్రం ఎప్పుడు లేస్తుందని. ఎడమ మలుపులో నేను మీవైపు వాలితే లేస్తుందన్నాడు."

"మరి ఎందుకు వాలావే?"

"లేస్తుందో లేదో చూద్దామని. మళ్ళీ ఆ మలుపుకే పోనివ్వండి. ఈసారి కాస్త జోరుగా."