మేడ నేలకి కంత

ముసలాయన వేలితో నొక్కగానే మేడ నేల ఊడి కింది దుకాణంలో పడింది.

"అయ్యో! ముట్టుకోకండి అంకుల్!"

సాత్విక కేకకి లైబ్రరీలో నలుగురు తలెత్తి చూశారు.

అది నిజం ఇల్లు కాదు. నెల రోజులుగా ఆమె పల్చటి చెక్కతో, అట్టతో కడుతున్న మోడల్. మాంట్రియల్లో ఆమె గదిలో మంచం వేశాక ఇంక చోటు లేదు. అందుకని రోజూ దాన్ని సంచిలో పెట్టుకుని లైబ్రరీకి తెచ్చుకుంటోంది.

హోయ్ ఆన్ అని వియత్నాంలో నది ఒడ్డున ఒక పాత రేవు పట్నం. ఒకప్పుడు చైనా, జపాన్ వర్తకులు ఓడల మీద వచ్చి సరుకు దించిన చోటు. పసుప్పచ్చ గోడలు, పెంకుల కప్పులు, గుమ్మాలకి పట్టు లాంతర్లు. వందల ఏళ్ళ నాటి వీధుల్ని అలాగే కాపాడుకుంటున్నారు.

సాత్విక చదివేది పాత కట్టడాలను కాపాడే చదువే. ఆ ఊళ్ళో ఆర్నెల్ల ఇంటర్న్‌షిప్ ఒక్కరికే ఇస్తారు. దానికోసమే ఈ మోడల్. ఒక వర్తకుడి ఇల్లు.

"సారీ," అన్నాడు ముసలాయన. వేలు మాత్రం తియ్యలేదు. "ఇక్కడ కంత కావాలి."

"కంతా?"

"మేడ నేలకి. ఇంత, నలుచదరంగా."

"నేను వందల ఫొటోలు చూసి కడుతున్నా అంకుల్. ఏ ఫొటోలోనూ కంత లేదు."

"ఫొటోలు ఎండలో తీస్తారు."

సాత్వికకి చిరాకేసింది. ఊడిన ముక్కకి జిగురు రాసింది.

"నా పేరు బావో. మాది ఆ ఊరే," అన్నాడాయన. "రేపు రా. గీసి చూపిస్తా. ఈ ఇల్లు నాకు తెలుసు."

"శుక్రవారం నా ప్రెజెంటేషన్. టైమ్ లేదు, ప్లీజ్."

ఆయన తలూపి ఎదురు టేబుల్ దగ్గర కూర్చున్నాడు. మర్నాడూ అక్కడే కూర్చున్నాడు. మూడోనాడు దగ్గరికి రాబోతుంటే సాత్విక ఇయర్‌ఫోన్స్ పెట్టుకుంది.

ఆయన కాసేపు నిలబడి వెళ్ళిపోయాడు.

శుక్రవారం రూమ్మేట్ ఇషిత సాయం పట్టింది. ఇద్దరూ మెట్రోలో మోడల్‌ని ఒళ్ళో పెట్టుకుని వెళ్ళారు. అక్కడ ఇద్దరు ప్రొఫెసర్లు మోడల్ చుట్టూ తిరిగి చూశారు. లాంతర్లని మెచ్చుకున్నారు.

తర్వాత వాళ్ళలో ఒకావిడ అడిగింది.

"ఆ నది దాదాపు ఏటా ఇళ్ళలోకి వస్తుంది కదా. అప్పుడు కిందున్న సరుకు ఏ దారిన పైకి వెళ్తుంది?"

"మెట్ల మీదుగా."

"బస్తాలా? ఇంత సన్నటి మెట్ల మీదుగానా?"

సాత్విక మోడల్ వైపు చూసింది. జిగురు పెట్టి అతికించిన చోటు కొద్దిగా తెల్లగా కనిపిస్తోంది.



ఇంటర్న్‌షిప్ ఇంకొకరికి వచ్చింది.

"కంత పెట్టమన్నాడన్నావే, ఎవరే ఆయన?" తిరిగొస్తూ ఇషిత అడిగింది.

"ఏమో. రిటైర్డ్ ఆర్కిటెక్ట్ అయ్యుంటాడు. నాకే పొగరు. పేరు చెప్పాడు, కనీసం నా పేరు కూడా చెప్పలేదు."

సోమవారం నోట్‌బుక్, పెన్సిళ్ళు పట్టుకుని లైబ్రరీకి వెళ్ళింది. ఆయన రాలేదు. ఆ వారమంతా రాలేదు. పై వారమూ రాలేదు.

మూడో వారంలో ఒకావిడ పుస్తకాలు తిరిగివ్వడానికి వచ్చింది. లైబ్రేరియన్ సాత్వికని పిలిచింది.

"నువ్వు అడుగుతున్నావే, మిస్టర్ బావో. ఈవిడ ఆయన కూతురు, లాన్."

లాన్ ఆమెని పరకాయించి చూసింది.

"బొమ్మ ఇల్లు కట్టే అమ్మాయివి నువ్వేనా? లాంతర్లు మరీ ఎక్కువ పెట్టిందని ఇంటికొచ్చి నవ్వేవారు."

"ఆయన బాగున్నారా?"

"పోయిన మంగళవారం చనిపోయారు. గుండె."

కిటికీ అవతల పేవ్‌మెంట్ మీద మంచుని మెషిన్ తోసుకుంటూ పోతోంది.

"సారీ అండీ," అంది సాత్విక. "ఆయన చెప్తానంటే నేను వినలేదు. మీ నాన్నగారు ఆర్కిటెక్టా?"

లాన్ కాదన్నట్టు తలూపింది.

"పోనీ, ఆ ఇళ్ళు కట్టే మేస్త్రీయా?"

"కాదు," అంది లాన్. "నది ఊళ్ళోకి వచ్చినప్పుడల్లా ఛాతీ లోతు నీళ్ళలో నిలబడి, ఆ వీధిలో ఇంటింటి సామానూ మేడ కంతలోంచి పైకి అందించిన హమాలీ."