అద్దం మీద ఆవిరి

చీకటి పడ్డాక అతను కారు కడగడానికి పూనుకున్నాడు. అది భార్య నడిపిన కారు. ఆమె పోయాక ఎవరూ ఎక్కలేదు. రేపు పొద్దున్నే కొన్నవాళ్ళు వచ్చి తీసుకెళ్తారు.

"నాన్నా, కడుగుతున్నావా, పెళ్ళికూతుర్ని చేస్తున్నావా?" కిటికీలోంచి కూతురు నవ్వింది.

"అప్పగింతలేగా తల్లీ," అన్నాడు.

నీళ్ళు చిమ్మే మెషిన్‌తో కారంతా నురగ పట్టించి, దాన్ని ఆపి, మురికి నానేదాకా నిలబడ్డాడు. తెల్లటి దిబ్బలాంటి కారు మీద బుడగలు చిటచిటమంటూ చితికిపోతున్నాయి. మరో చప్పుడు లేదు.

తర్వాత నీళ్ళు కొట్టాడు. నురగంతా జారిపోయినా, డ్రైవర్ వైపు అద్దం మీద అరచేతంత తెల్లమచ్చ మిగిలింది. మళ్ళీ కొట్టాడు. వేలితో రుద్దాడు. మచ్చ లోపలివైపు ఉంది.

అది నురగ కాదు, ఆవిరి. కూర్చున్న మనిషి నోటి ఎత్తున కాస్త పెరుగుతోంది, కాస్త తగ్గుతోంది.

తన ఊపిరే అయ్యుంటుందని మనసుకు నచ్చజెప్పుకున్నాడు. తేల్చుకుందామని ఊపిరి బిగబట్టాడు.

మచ్చ కదలడం మానేసింది.

కారు అమ్మకం మానుకుందామని ఇప్పుడైనా కూతురికి చెప్పవచ్చు. చెప్పాలంటే ఊపిరి వదలాలి. అద్దానికి అవతల కూడా ఎవరో ఊపిరి బిగబట్టి, అతను ఏం చెబుతాడోనని వింటున్నట్టుంది.