గట్టు తెగే కబురు

దండోరాలూ మైకులూ మూలపడి చాలాకాలమైంది. ఏ కబురైనా జనం ఫోన్లో వెతుక్కోవలసిందే. వెతికినప్పుడు కనబడినా ఎవరూ నొక్కని కబురు కిందికి జారిపోయి, చివరికి ఉన్నట్టే తెలియదు. అలా జారేవాటిని పైకి లేపే రెండేసి వాక్యాలు రాసి బతుకుతోంది హైమావతి. భయపెట్టే మాటను నొక్కినంతగా జనం మరిదేన్నీ నొక్కరని ఆమెకు తెలుసు. రాజమండ్రి బట్టల కొట్లవాళ్ళు ఆమె గుమ్మం వదలరు.

ఆ మధ్యాహ్నం వరద ఆఫీసు నుంచి ఫోనొచ్చింది.

"లంకల దగ్గర గట్టు నిలిచేలా లేదమ్మా. మా హెచ్చరిక ఎవరూ నొక్కట్లేదండి, అట్టడుక్కి దిగిపోయింది. మీరో చెయ్యి వెయ్యాలి."

హైమావతి వెంటనే మొదలుపెట్టింది. "గోదారి గట్టు తెగుతోంది, ఉన్నపళంగా బయల్దేరండి." అంతలోనే వేళ్ళు ఆగిపోయాయి. దసరాకి చీరల తగ్గింపు కోసం రాసిన వాక్యమే అది. జిల్లా అంతా ఎగబడి నొక్కింది. ఆ ఊపులో ఉగాదికి గిన్నెల కొట్టుకీ, శ్రావణంలో నగల కొట్టుకీ దాన్నే వాడింది.

ఎంత తిప్పి రాసినా ప్రతి మాటా ఎక్కడో ఒక కొట్టుకి అమ్మేసిందే. చివరికి ఉన్నదున్నట్టు రాసి పెట్టింది. వేలమంది చూస్తున్నారు గానీ ఒక్కరూ నొక్కడం లేదు.

లంకలో ఉన్న పిన్నికి ఫోన్ చేసింది.

"పిన్నీ, గట్టు తెగుతోంది. పిల్లల్ని తీసుకుని ఇప్పుడే బయల్దేరు."

పిన్ని తీరిగ్గా నవ్వింది.

"నీ గొంతులో వింటుంటే అచ్చం నిజంలాగే ఉందే అమ్మాయ్. ఈమాటు ఏ కొట్టోళ్ళకి రాశావు?"