పార్సరు ముట్టని వరుస

“దోర్నాల ఘాట్‌లో ముప్పై ఏండ్లు బస్సు తోలినా. ఒక్కనాడన్నా బ్రేకు మీద కాలు పెట్టి ఎరగను,” అన్నాడు పక్కింటి తిరుపతయ్య, స్టూలు మీద కూర్చుని మీసం సవరించుకుంటూ.

లీదియాకు వినే ఓపిక లేదు. లాప్‌టాప్ తెర మీద మళ్లీ ఎర్రక్షరాలు. ఒకటో వరుస, ఒకటో అక్షరం దగ్గరే తప్పు.

మధ్యాహ్నం రెండైంది. నాలుగింటికి విజయవాడ నుంచి ఆటల కంపెనీ ఆయన పుల్లారావు వస్తున్నాడు. మార్కాపురంలో పలకల దుకాణం మీది గదిలో కూర్చుని ఆరు నెలలుగా ఆమె తయారుచేసిన ‘ఘాట్ బస్సు’ కంప్యూటర్ ఆట ఆయనకు నచ్చితే, ఇక ఇక్కడే ఉండి పని చేసుకోవచ్చు. నచ్చకపోతే సోమవారం హైదరాబాదు రైలెక్కి పాత ఉద్యోగంలో చేరాలి.

ఆటకు ప్రాణం మలుపులు. అవన్నీ తిరుపతయ్య గుర్తు తెచ్చుకుంటూ తన ఫోనులో కొడుతున్నాడు. ఇద్దరి ముందూ ఉన్నది ఒకే ఫైలు. ఆయన అక్కడ ఒక అక్షరం నొక్కితే ఇక్కడ కనిపిస్తుంది.

“పెదనాయనా, పైన మళ్లా శ్రీరామ అని రాసినావా?”

“రాయకుండా ఎట్ల మొదలుపెడతారమ్మా?”

“నేను తీసేసినా గదా!”

“తీసేసినావనే మళ్లా రాసినా.”

లీదియా నుదురు రుద్దుకుంది. “ఇది జేసన్ ఫైలు పెదనాయనా. దీంట్లో మొట్టమొదట మీసాల బ్రాకెట్టే ఉండాల. దానికి ముందు ఏమున్నా పార్సరు ఒప్పుకోదు.”

“ఎవురా పార్సరు?”

“నువ్వు రాసింది చదివి ఆటకు చెప్పేది.”

“కండక్టరన్నమాట. డ్రైవరును దండం పెట్టుకోనీయకుండా విజిలేసే కండక్టరును నేనెన్నడూ చూడలా.”

“పోనీ, బ్రాకెట్టు లోపల పెడతా. మొదటి మాట అదే ఉంటాది.”

“తలుపు తీసుకొని, ఎక్కి, సీట్లో కూర్చున్యాక పెట్టేది దండం కాదు పాపా, ఆవలింత.”

గట్టిగా ఒక మాట అనబోతే ఇల్లు గుర్తొచ్చింది. వాళ్లమ్మ రూతమ్మ సరుకుల చీటీ మీద సిలువ గుర్తు వేయనిదే ఉప్పు అని కూడా రాయదు. ఆ చీటీలు పట్టుకుని దుకాణానికి తిరిగిన పిల్లే ఈ లీదియా.

సరే, ఫార్మాటే మార్చుదామనుకుంది. అరగంట కూర్చుని మొత్తం ఎక్స్ఎమ్ఎల్ అనే ఇంకో ఫార్మాటులోకి మార్చింది. తిరుపతయ్య పైన శ్రీరామ ఎక్కించాడు. ఎర్రక్షరాలు.

“దీనికేం రోగం?”

“దీని పేరు, దీని వెర్షనూ చెప్పుకునే వరుస ఒకటుంది. మొట్టమొదట అదే ఉండాలంట.”

“ముందుదే నయం. ఇది ఇంకా బడాయిది.”

సొంతంగా పార్సరు రాసుకుంటే ఏ గొడవా ఉండదు. కానీ గడియారంలో మూడు దాటింది. ఎటూ తోచక లీదియా మలుపుల జాబితా పైకీ కిందికీ జరుపుతూ కూర్చుంది. ఒకచోట ఆమె వేలు ఆగింది.

“ఏడో మలుపు దగ్గర బ్రేకు అని రాసినావేంది? ఎన్నడూ తొక్కలేదంటివే?”

“తొక్కకపోతే లోయలో ఉంటిమి గదమ్మా! ఏడులో తొక్కినా. ఎనిమిదిలో, తొమ్మిదిలో కూడా తొక్కినా. దిగేటప్పుడైతే అసలు కాలు తీసిందే లేదు.”

లీదియాకు నవ్వు ఆగలేదు. నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకుని మళ్లీ జాబితా చూస్తే, ఇందులో ఉన్నదల్లా ఇంతేగా అనిపించింది. వరుసకొక మలుపు. ఎడమకా కుడికా, ఎత్తా పల్లమా, పక్కన రాయా చెట్టా, హారనా బ్రేకా. దీనికి ఇన్ని బ్రాకెట్లు దేనికి? మధ్యలో కామాలు పెడితే చాలు. సీఎస్వీ ఫార్మాటు! అందులో మొదటి వరుస శీర్షికది. పార్సరుకు ఒక్క మాట చెబితే దాన్ని వదిలేసి రెండో వరుస నుంచి చదువుకుంటుంది.

“నీ శ్రీరామ పైనే ఉంటాది పెదనాయనా. పార్సరు దాన్ని ముట్టదు.”

“అట్ల రా దారికి! ఈ కండక్టరు మర్యాద తెలిసినోడు.”

గబగబా ఫైలు మార్చి, ముఖం కడుక్కోవడానికి పరిగెత్తింది. తిరిగి వచ్చేసరికి తెర మీద ఎర్రక్షరం ఒక్కటి లేదు. మెట్ల మీద బూట్ల చప్పుడు.

పుల్లారావు టీ వద్దన్నాడు. టికెట్లు తనిఖీ చేసే ఆయన ముఖం పెట్టుకుని ఆట మొదలుపెట్టాడు. పది మలుపులు దాటాయి, ఇరవై దాటాయి. ఆయన గడియారం చూసుకున్నాడు. నలభై దాటేసరికి లీదియా మనసులో హైదరాబాదుకు పెట్టె సర్దేసుకుంది.

నలభై మూడో మలుపులో, పడుకున్న గేదెలాంటి బండరాయి పక్కన, రోడ్డు ఒక్కసారిగా వెనక్కి మడతపడింది. ముందు సీటు వాళ్లకు వెనక సీటు వాళ్లు కనిపించేంత వంపు. పుల్లారావు కుర్చీలోంచి లేచాడు.

“ఇదే! ఈ మలుపు నాకు తెలుసండీ! చిన్నప్పుడు మా అమ్మతో శ్రీశైలం వెళ్తూ సరిగ్గా ఈ రాయి దగ్గరే వాంతి చేసుకున్నాను. ఇన్నేళ్లయినా మర్చిపోలేదు. అచ్చం ఇదే రాయి, ఇదే వంపు! చాలమ్మా, ఇక చూడక్కర్లేదు. ఈ ఆట మాకు కావాలి.”

బూట్ల చప్పుడు మెట్లు దిగిపోయాక లీదియా తిరుపతయ్య రెండు చేతులూ పట్టుకుంది. “ఎంత గుర్తు పెదనాయనా నీకు! ఆ ఒక్క మలుపే నన్ను ఊర్లో నిలబెట్టింది.”

తిరుపతయ్య లేచి మెట్ల వైపు తొంగిచూశాడు. తలుపు దగ్గరికి వేసి గొంతు తగ్గించాడు.

“నువ్వు ముఖం కడుక్కోను పోయినాక, నలభై మూడో మలుపు వరుస ఖాళీ అని ఎర్రగా పడినాది పాపా. నీకు చెప్తే కంగారుపడతావని నేనే ఏదో ఒకటి నింపినా. తక్కినవన్నీ నిజమే. ఆ మలుపొక్కటి మాత్రం ఆ ఘాట్‌లో యాడా లేదు.”